చెవి అంచున కుచ్చు

అందరికీ నమస్కారం.

కొవాలా బొమ్మ గీయమంటే పిల్లలు ముందు రెండు గుండ్రటి చెవులు గీస్తారు. తర్వాత వాటి అంచున దూది అతికించినట్టు గీతలు పెడతారు. నేను మాట్లాడబోయేది ఆ గీతల గురించే. చెవులకు అంత బొచ్చు దేనికి?

కొవాలా ఎక్కడ కూర్చుంటుందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. తూర్పు ఆస్ట్రేలియాలో, యూకలిప్టస్ చెట్టు పంగలో. గూడు కట్టదు, తొర్రలో దూరదు. గాలివాన వస్తే వీపు అటు తిప్పి, ముడుచుకుని అక్కడే ఉంటుంది. దాని ఇల్లూ కప్పూ అన్నీ ఆ బొచ్చే. చలి ఎక్కువగా ఉండే విక్టోరియా రాష్ట్రంలో కొవాలాల బొచ్చు ఒత్తుగా, పొడవుగా ఉంటుంది. వెచ్చటి క్వీన్స్‌లాండ్‌లో పొట్టిగా ఉంటుంది. అందుకే చెవి కుచ్చును కూడా ఆ కోటులో ఒక అంచుగా చూడటమే నాకు సబబనిపిస్తుంది.

చెవి మాత్రం అలంకారం కాదు. కొవాలాకు చూపు అంతంతమాత్రం, అందుకే దానికి వినికిడి ముఖ్యం. జతకట్టే కాలంలో మగది అరిస్తే గురకపెడుతూ రంపం కోసినట్టుంటుంది. ఆ మంద్రస్థాయి ఏనుగంత జంతువుకు తగినది! అందుకు దాని గొంతులో అదనంగా మరో జత స్వరతంత్రులున్నాయని 2013లో తేలింది.

చెవి లోపలి వెంట్రుకల సంగతి వేరు, వాటి పని స్పష్టం. ఎడారిలో ఒంటెకూ, ఫెనెక్ నక్కకూ అవి ఇసుకను ఆపుతాయి. గుర్రానికి ఈగల బాధ. చెవిలో జోరీగ అని మనం మాటవరసకు అంటాం, చేతులు లేని గుర్రానికి అది మాటవరస కాదు. కునుకు తీస్తున్న పిల్లి చెవిలోని ఒక్క వెంట్రుకను గడ్డిపరకతో తాకి చూడండి. కళ్లు తెరవకుండానే చెవిని టపటపా విదిలిస్తుంది. ఆ వెంట్రుకే జల్లెడ, అదే కాపలా.

చిక్కంతా చెవి కొసన నిలబడే కుచ్చుతోనే. లింక్స్ అనే అడవిపిల్లి చెవి కుచ్చులు శబ్దాన్ని పట్టే యాంటెన్నాలని కొందరు, తోటివాటికి చేసే సైగలని మరికొందరు అంటారు. ఏదీ రుజువు కాలేదు. యాంటెన్నా అనేవారికి నేను యూరప్‌లోని ఎర్ర ఉడుతను చూపిస్తాను. చలికాలానికి పొడవుగా పెరిగే దాని చెవి కుచ్చులు వేసవికి పలచబడతాయి. అవి వినడానికే అయితే ఏటా ఎండాకాలంలో ఉడుతకు చెవుడు రావాలి కదా!

ఇక మీ ప్రశ్నలు అడగండి.