ఆ కార్డు కూడా ఇవ్వండి బాబూ

వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న అంతకంటే పెద్దలకు నమస్కారం. పేర్లు చదవను, ఒకరిని మర్చిపోయానంటే ఏడాదంతా అలక.

ప్రాంతీయ అమెచ్యూర్ గోల్ఫ్ సంఘం ఏం చేస్తుందో చెప్పమన్నారు. పోటీలు, జూనియర్లు, హ్యాండిక్యాప్ అని మూడు రాసుకొచ్చాను. పోటీల సంగతి మీకు తెలిసిందే, కప్పు పట్టుకున్న ఫొటోలు చూస్తూనే ఉంటారు. నా కడుపుమంటంతా హ్యాండిక్యాప్ దగ్గరే, అంటే ఆట ఎంత తక్కువొస్తే అంత ఎక్కువ స్ట్రోకులు, అదే దెబ్బలు, కలిసొచ్చేలా ఆటగాడికిచ్చే అంకె.

2020లో ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి మొదలైంది కదా, చివరి 20 స్కోర్లలో మంచివి 8 తీసి సగటు కడతారు. లెక్క కంప్యూటర్ చేస్తుంది, సరిగ్గా నడుస్తోందా లేదా సంఘం చూస్తుంది, స్కోరు రాసిన కార్డు మాత్రం మనమే ఇవ్వాలి. మతలబంతా అక్కడే! బాగా ఆడిన రోజు కార్డు జేబులోనే ఉండిపోతుంది, చెత్తగా ఆడిన రోజు కౌంటర్ దగ్గర ముందు మనమే.

ఒకాయనతో ఫైనల్ ఆడాను. ఆయనకి 20, నాకు 11, అంటే తొమ్మిది స్ట్రోకులు నేనివ్వాలి. మూడో హోల్లో 170 గజాల నుంచి నీళ్ల మీదుగా కొడితే బంతి జెండాకి మూరెడు దూరంలో ఆగింది. నా వంక తిరిగి, "ఇవాళేదో కలిసొస్తోందండీ" అన్నాడు. పద్నాలుగో హోల్ దాకా కలిసొస్తూనే ఉంది, అక్కడితో మ్యాచే అయిపోయింది.

నేనేమైనా తక్కువ తిన్నానా? ఒకసారి బాగా ఆడి 78 కొట్టి, పోటీ దగ్గర్లో ఉందని కార్డు బ్యాగులో తోసేశాను. వానలో తడిసి, అంకెలన్నీ అలుక్కుపోయి, రెండేళ్ల తర్వాత దొరికింది. సిగ్గేసింది.

ఎందుకంటే అప్పటికి నేను కోర్సు రేటింగ్‌కి, అంటే మైదానం ఎంత కష్టమో కొలవడానికి, వెళ్తున్నాను. హోల్ మొదలయ్యే చోటు, అదే టీ, అక్కడి నుంచి 250 గజాల దగ్గర నిలబడి, అంటే హ్యాండిక్యాప్ సున్నా ఉన్న స్క్రాచ్ ఆటగాడి మొదటి దెబ్బ పడే చోట, ఫెయిర్‌వే అనే గడ్డిదారి వెడల్పెంత, బంకర్ అనే ఇసుక గుంట ఎంత దూరం అని రాసుకోవాలి. మళ్లీ వెనక్కొచ్చి బోగీ ఆటగాడి కోసం, అంటే మనలాంటి మామూలు ఆటగాడి కోసం, 200 దగ్గర. ఆడవాళ్లకి 210, 150. ఇలా 18 హోల్స్, ఎండలో, జీతం లేకుండా. ఇంతా చేస్తే స్లోప్ అని, స్క్రాచ్ వాడి కంటే బోగీ వాడికి ఆ కోర్సు ఎంత ఎక్కువ కష్టమో చెప్పే, 55కీ 155కీ మధ్య ఒక అంకె వస్తుంది. దాని మీద కట్టిన లెక్కని జేబులో దాచిన ఒక్క కార్డు పాడుచేస్తుంది, చెప్పండి మరి!

బెల్లు కొట్టేశారు. జూనియర్ల గురించి వచ్చేసారి. ఆదివారం రేటింగ్‌కి ఇద్దరు తక్కువున్నారు, టేపు రెండో కొస పట్టుకుంటే చాలు, ఆట రాకపోయినా ఫర్వాలేదు. చేతులెత్తండి. ఆ వెనక సారూ, మీరు చెయ్యెత్తారా, తల గోక్కుంటున్నారా?