ఎవరు అరుస్తున్నారో ముందు వినండి

అందరికీ నమస్కారం. నేను మోటార్ వైండింగ్ షాపు నడిపేవాణ్ణి. బోరు మోటార్లు, మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు, ఇవే నా చదువు. కాలేజీలో మైకు ముందు నిలబడటం ఇదే మొదలు, కాస్త సర్దుకోండి. మోటార్ బిగించిన సైకిల్ రొద ఎక్కణ్ణుంచి వస్తుందో, ఎలా తగ్గించానో చెప్తాను.

మూడేళ్ల కిందట మా అబ్బాయి ట్యూషన్‌కి వెళ్లే సైకిల్‌కి మోటార్ బిగించాను. 24 వోల్టులు, 250 వాట్లు, గొలుసుతో చక్రాన్ని తిప్పే గేర్ మోటార్. బండి బాగానే లాగింది. కానీ వాడు వీధి మలుపు తిరిగాడంటే మా వంటగదిలోకి వినిపించేది. "పిండిమర వచ్చేస్తోంది" అని పక్కింటి పిన్నిగారు నవ్వేవారు. వారం తిరక్కుండానే వాడు ఆ సైకిల్ ముట్టుకోవడం మానేశాడు.

నేను చేసిన మొదటి పని చెప్తే మీరూ నవ్వుతారు. పరుపుల్లో వాడే స్పాంజి తెచ్చి మోటార్‌కు చుట్టాను. రొద కొంచెం తగ్గిన మాట నిజమే. మూడు కిలోమీటర్లు పోయేసరికి మోటార్ మీద చెయ్యి పెట్టలేకపోయాను. గాలి తగలకపోతే వేడి ఎటు పోతుంది? లోపల రాగి తీగ మీది పూత మాడుతుంది. కాలిపోయిన వైండింగులు విప్పి బతికేవాణ్ణి, నా మోటార్‌కు నేనే దుప్పటి కప్పాను!

అప్పుడు షాపులో రోజూ చేసే పని గుర్తొచ్చింది. పొడుగు స్క్రూడ్రైవర్ మొన మోటార్ బాడీకి ఆనించి, పిడి చెవి ముందున్న ఎముకకు ఆనిస్తాం. బేరింగ్ పోయిందా, ఇంకేదైనా తగులుతోందా, అక్కడే తెలిసిపోతుంది. సైకిల్‌ని స్టాండ్ వేసి, వెనక చక్రం గాల్లో తిప్పి, గొలుసుకు దూరంగా ఉంటూ ఒక్కో చోటే విన్నాను. మోటార్ దగ్గర మామూలు గేర్ల చప్పుడే. సీటు కింది గొట్టం మీద పెడితే మాత్రం చెవి అదిరిపోయింది.

తంబుర తీగ ఒక్కటే విడిగా మోగితే ఎంత వినిపిస్తుంది? దాన్ని పెంచేది బుర్ర. బొబ్బిలి వీణకు పనస కొయ్యను తొలిచి కుండ చేసేదీ అందుకే. సైకిల్ ఫ్రేమ్ కూడా లోపల డొల్లే కదా. పల్చటి రేకు పట్టీతో మోటార్‌ను ఆ డొల్ల గొట్టానికి బిగించి, నాకు తెలియకుండానే ఒక వాయిద్యం తయారు చేశాను.

కాబట్టి పట్టీ మార్చాను. మందం రేకు తీసుకుని, ఒక్క చోట కాకుండా రెండు చోట్ల ఆనేలా కట్టాను. మధ్యలో లారీ ట్యూబు ముక్కలు పెట్టాను. ఇక్కడో మెలిక ఉంది. మెత్తటి రబ్బరు పెడితే గొలుసు లాగుడికి మోటార్ ఒరిగి గొలుసు ఊడుతుంది. గట్టి రబ్బరే పెట్టినా, బోల్టు రెండు వైపులా ఇనుముకు తగిలితే పెట్టిన రబ్బరు దండగ, అదురు బోల్టులోంచి దర్జాగా నడిచిపోతుంది. బోల్టుకి కూడా రబ్బరు గొట్టం తొడగాలి. తర్వాత రెండు పళ్లచక్రాలకీ దారం పట్టి చూస్తే రెండు మిల్లీమీటర్ల తేడా. అదీ సరిచేశాను. గొలుసు బిగువుగా ఉంటే బాగుంటుందనుకుంటారు, అదీ కీచుమంటుంది, పైగా బేరింగ్‌ని తినేస్తుంది. మడ్‌గార్డు, బ్యాటరీ డబ్బా గలగలల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీలో చాలామంది హబ్ మోటార్, అంటే చక్రం నడిమధ్యలోనే ఉండే మోటార్ వాడుతున్నారు. గేర్లు లేని హబ్ మోటార్‌లో ఒరుసుకునే పళ్లే లేవు, మరి ఆ గుర్రుమనే శబ్దం ఎక్కడిది? నేను ఇప్పుడు తొక్కుతున్న సైకిల్‌లో అలాంటిదే ఉంది. లోపల 46 అయస్కాంతాలు, అంటే 23 జతలు. మోటార్‌కు కరెంటు పంచే డబ్బా కంట్రోలర్. మోటార్ లోపలి తీగ చుట్లు మూడు వరసలు, వాటినే ఫేజులంటాం. మామూలు కంట్రోలర్ ఆ మూడు ఫేజుల్లో ఒక్కసారి రెండింటికే కరెంటు ఇస్తుంది. ఒక్కో జతకు ఆరుసార్లు కరెంటు దారి మారుస్తుంది. చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా 23 ఆర్లు 138 చిన్న కుదుపులు. 26 అంగుళాల చక్రం గంటకు 25 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు 3.35 చుట్లు తిరుగుతుంది. లెక్క కట్టండి, 460కి పైనే. కుదుపులు అంత వేగంగా వస్తే చెవికి అది స్వరమే. మన చట్టం సైకిల్‌గా ఒప్పుకునేది 250 వాట్లు, 25 కిలోమీటర్ల లోపే కాబట్టి ఆ వేగమే చెప్పాను.

నా సైకిల్ గంటకు 12, 13 కిలోమీటర్ల దగ్గర బొంయ్‌మని లేచి 16 దాటగానే తగ్గేది. ఆ వేగంలో వచ్చే స్వరం, ఫ్రేమ్ సొంత స్వరం ఒకటయ్యాయన్నమాట. సైన్ వేవ్ కంట్రోలర్ వేశాక మోటార్ మీద ఏమీ చుట్టకుండానే శబ్దం దాదాపు పోయింది. అది కరెంటును కుదుపుగా కాక అలలా పెంచి, అలలా దించుతుంది.

అయితే కంట్రోలర్ కొనే ముందు వైర్లు చూసుకోండి. మూడు ఫేజు వైర్లు, అయస్కాంతాలు ఎక్కడున్నాయో కంట్రోలర్‌కు చెప్పే మూడు హాల్ సెన్సర్ వైర్లు కలిపితే 36 రకాలుగా కలపొచ్చు. సరైనవి ఆరే, అందులోనూ మూడు వెనక్కి తిప్పుతాయి. తప్పుగా కలిపినా కొన్నిసార్లు చక్రం తిరుగుతుంది, అదే ప్రమాదం. గరగరమంటూ, ఖాళీ చక్రానికే కరెంటు తెగ లాగుతుంది. పసుపుకు పసుపు, నీలానికి నీలం కలిపాను కదా అని ధీమాగా ఉండొద్దు. రంగుల పద్ధతి కంపెనీకో తీరు.

ఒక చిక్కు మాత్రం కొత్తగా వచ్చింది. ఇప్పుడు వెనకనుంచి వస్తుంటే ఎవరూ జరగడం లేదు. పిండిమర రోజుల్లో బెల్లు అవసరమే ఉండేది కాదు, ఇప్పుడు వీధంతా కొట్టుకుంటూ పోతున్నాను. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంకా కొంచెం గొంతు లేస్తుంది, దాని సంగతి తేలలేదు. సైకిల్ బయట స్టాండ్ మీద పెట్టాను, స్క్రూడ్రైవర్ కూడా తెచ్చాను. పాత కంట్రోలర్ ఒకసారి, కొత్తది ఒకసారి తగిలిస్తాను. చెవి పెట్టేవాళ్లు రండి, జుట్టు పొడుగున్నవాళ్లు ముడి వేసుకుని రండి.