తగరం కోసం కడిగేసిన కొండ, దాని మీద సైకిల్ బాటలు

పెద్దలకు, మిత్రులకు, సైకిల్ హెల్మెట్లు తీయకుండానే ముందు వరసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

మెల్‌బోర్న్‌లో ఉన్న మనం దక్షిణాన ఉన్న టాస్మానియా దీవి అనగానే హోబర్ట్, క్రేడిల్ మౌంటెన్ చూసి వచ్చేస్తాం. ఈశాన్య మూలకు వెళ్లేవాళ్లు తక్కువ. ఆ మూలన, లాన్సెస్టన్ నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, రింగరూమా నది ఒడ్డున డెర్బీ అనే ఊరుంది. ఉండేది దాదాపు 200 మంది. ఒకటే వీధి. మౌంటెన్ బైక్ తొక్కేవాళ్లలో మాత్రం ఆ పేరు తెలియనివాళ్లు ఎక్కడోగానీ ఉండరు. ఈస్టర్‌కు మనలో కొందరం అక్కడికే వెళ్తున్నాం కాబట్టి, ఈ రోజు ఆ బాటల గురించి, ముఖ్యంగా వాటిని ఎలా కట్టారన్న దాని గురించి మాట్లాడతాను. బాట ఎలా కట్టారో తెలిస్తే తొక్కే పద్ధతి మారుతుందని నా గట్టి నమ్మకం.

ముందు ఊరి సంగతి. 1870లలో ఆ ప్రాంతంలో తగరం దొరికింది. డెర్బీలో దాన్ని కనిపెట్టింది క్రుష్కా సోదరులు. అక్కడి పెద్ద గని పేరు బ్రిసీస్. 1876లో మెల్‌బోర్న్ కప్ గెలిచిన గుర్రం పేరే దానికి పెట్టారు. గని అంటే సొరంగంలో గడ్డపారలతో తవ్వడం అనుకోకండి. అక్కడ కొండను నీళ్లతో కడిగారు. పదుల కిలోమీటర్ల కాలువ తవ్వి, దూరం నుంచి నది నీళ్లు తెచ్చి, ఎత్తు నుంచి గొట్టాల్లోకి వదిలేవారు. గొట్టం చివర మూతి సన్నగా ఉండేది. అందులోంచి దూసుకొచ్చే నీటిని కొండ మీదకు తిప్పితే మట్టి పెళ్లలు పెళ్లలుగా కూలి కిందికి పారేది. ఆ బురదను చెక్క తొట్టెల గుండా పారించేవారు. తగరం బరువు కాబట్టి అడుగున నిలిచిపోయేది. మిగిలిన ఇసుకా మట్టీ నదిలో కలిసిపోయేవి. ఏళ్ల తరబడి అలా చేస్తే నదికి ఏమవుతుందో పల్లెటూళ్లలో పెరిగిన మీకు నేను చెప్పనక్కర్లేదు. దిగువన మేటలు వేసి, నది గర్భం పూడిపోయింది.

ఆ గని పని కోసమే క్యాస్కేడ్ నది మీద ఆనకట్ట కట్టారు. 1929 ఏప్రిల్ 4న కుంభవృష్టి కురిసి ఆ ఆనకట్ట తెగిపోయింది. వరద గనిని ముంచి, ఊరి మీద పడింది. 14 మంది చనిపోయారు. కొన్నేళ్ల తర్వాత గని మళ్లీ తెరిచారు కానీ పాత వైభవం రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అదీ మూతపడింది. గొయ్యి నీళ్లతో నిండి చెరువైంది. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు డెర్బీ ఖాళీ అవుతూ వచ్చింది. పిల్లలు చదువులకనీ ఉద్యోగాలకనీ వెళ్లిపోవడం, ఇళ్లు అమ్మకానికి పెట్టినా కొనేవాడు లేకపోవడం, మనకు బాగా తెలిసిన కథే.

2015లో అక్కడ సైకిల్ బాటలు తెరిచారు. ఎక్కువ భాగం ప్రభుత్వ సొమ్ముతో, స్థానిక కౌన్సిళ్లు పూనుకుని కట్టించినవి. డిజైన్ చేసి కట్టింది కెయిర్న్స్‌కు చెందిన వరల్డ్ ట్రైల్ అనే సంస్థ. టికెట్ పెట్టకుండా, గేటు లేకుండా తెరిచారు. రెండేళ్లకే, 2017లో ఎండ్యూరో వరల్డ్ సిరీస్ అనే ప్రపంచ స్థాయి మౌంటెన్ బైక్ పోటీ అక్కడికొచ్చింది. 2019లో మళ్లీ వచ్చింది. ఇప్పుడు మొత్తం బాటల పొడవు 100 కిలోమీటర్లు దాటింది.

అసలు విషయానికి వస్తాను. ఒకప్పుడు ఆ ఊరి పనితనమంతా నీటితో కొండను కూల్చడంలో ఉండేది. ఇప్పుడు బాటలు కట్టేవాళ్ల పనితనమంతా అదే కొండను అదే నీరు కోయకుండా చూడటంలో ఉంది. డెర్బీలో నన్ను కట్టిపడేసింది ఇదే.

నీరు పల్లమెరుగు అంటాం కదా. కొండ మీద బాట వేసేవాడు ప్రతి అడుగులో ఆ మాట గుర్తుపెట్టుకోవాలి. వాలు ఎటుంటే అటే నేరుగా బాట దింపితే తొలి వానకే అది కాలువ అవుతుంది. రెండో ఏడాదికి అందులో రాళ్లు తప్ప మట్టి మిగలదు. అందుకని కొండ వాలుకు అడ్డంగా, ఏటవాలుగా దింపుతారు. ఒక మోటు లెక్క ఉంది: కొండ వాలు ఎంతో, బాట వాలు అందులో సగం దాటకూడదు. కొండ 20 శాతం వాలు ఉంటే బాట 10 శాతానికి మించకూడదు. కొండ పక్కను మెట్టులా కోసి, ఆ మెట్టును బయటివైపు కాస్త వంచుతారు. పైనుంచి వచ్చిన నీరు బాటను అడ్డంగా దాటి కిందికి పోవాలే తప్ప బాట వెంట పారకూడదు. దాంతోపాటు కొంత దూరానికొకసారి, దిగుతున్న బాటను కావాలని కాస్త ఎక్కిస్తారు. మన రైతు పొలంలో మడవ తిప్పినట్టు, ఆ చిన్న ఎగుడు దగ్గర నీరు పక్కకు తిరిగిపోతుంది. తొక్కేవాళ్లకేమో అక్కడ సైకిల్ గాల్లోకి లేచినట్టు భలే సరదాగా ఉంటుంది. ఆ సరదా కోసమే కట్టారనుకుంటాం. ముందు అది నీటి కోసం కట్టింది.

వంపుల దగ్గర బయటి అంచును ఎత్తుగా గట్టులా కడతారు. దాన్ని బెర్మ్ అంటారు. నమ్మి ఒరిగితే బ్రేక్ అక్కర్లేకుండా తిరిగేస్తాం. భయపడి వెనక బ్రేక్ గట్టిగా పట్టేశామనుకోండి, చక్రం తిరగడం ఆగి మట్టిని గీరుకుంటూ పోతుంది. ఆ గీత చాలు, వాన నీటికి దారి దొరికినట్టే. వందమంది అలా చేస్తే, కట్టినవాళ్లు వంచిన వంపంతా పాడై నీరు బాట వెంటే పారుతుంది. అందుకే పిల్లలకు స్పీడు కంటే ముందు బ్రేకులు నేర్పమని అడుగుతున్నాను. రెండు బ్రేకులూ వాడాలి, వంపుకు ముందే వాడాలి, వంపులో వదిలేయాలి.

ఇక ఆ బాటల అందం. డెర్బీ పక్కనే క్రుష్కాస్ అనే బాట ఉంది, ఆ అన్నదమ్ముల పేరే. ఇళ్లంత గ్రానైట్ బండల మధ్య నుంచి, మనిషిని మించి ఎదిగిన ఫెర్న్ చెట్ల కింద నుంచి పోతుంది. ఇంకాస్త ఓపిక ఉంటే బ్లూ టియర్ పీఠభూమికి షటిల్ వ్యానులో వెళ్లి, అక్కణ్ణుంచి వెల్డ్‌బరో దాకా దిగొచ్చు. నాచు పట్టిన మర్టిల్ చెట్ల అడవి అది, నడి మధ్యాహ్నం కూడా చీకటిగా, చల్లగా ఉంటుంది. వెల్డ్‌బరో ఒకప్పుడు చైనా నుంచి వచ్చిన తగరం పనివాళ్లు పెద్ద సంఖ్యలో బతికిన చోటు. పరాయి దేశంలో పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లని తలచుకుంటే, అక్కడ ఒక్క నిమిషం ఆగాలనిపిస్తుంది నాకు.

అదే బ్లూ టియర్ నుంచి ఇంకో బాట తూర్పుకు, సముద్రం దాకా పోతుంది. 42 కిలోమీటర్లు. బే ఆఫ్ ఫైర్స్ ట్రైల్ అంటారు. సెయింట్ హెలెన్స్ అనే చేపల రేవు దగ్గరి బాటలతో పాటు 2019లో తెరిచారు. పైన బోడి పీఠభూమి, ఆ తర్వాత చిక్కటి వానల అడవి, ఆ కింద ఎండిన యూకలిప్టస్ తోపులు, చివరికి ఇసుక. నాచులాంటి నారింజ రంగు లైకెన్ పట్టిన బండలు, తెల్లటి ఇసుక, నీలి నీళ్లు. 1773లో ఫర్నో అనే కెప్టెన్ ఓడలోంచి ఆ తీరం వెంట మంటలు చూశాడు, బే ఆఫ్ ఫైర్స్ అన్న పేరు అలా వచ్చింది. అవి అక్కడి ఆదివాసులు వెలిగించుకున్నవి. వాళ్ల భాషలో ఆ చోటు లారాపునా. మనం సైకిళ్లు దింపుతున్న ఆ తీరం వేల ఏళ్లుగా వాళ్ల ఇల్లు.

అంతా బాగుందని మాత్రం చెప్పను. డెర్బీ చుట్టూ ఉన్న అడవిలో కొంత కలప కోసం కేటాయించినది. బాటల పక్కనే చెట్లు నరకడంపై ఊళ్లోవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు పోరాడారు, కోర్టుకూ వెళ్లారు, అక్కడ వాళ్లు గెలవలేదు. చెట్టు నీడ పోతే కింద మట్టి ఎండి పొడవుతుంది, వానకు కొట్టుకుపోతుంది. బాటను అడవి నుంచి విడదీసి కాపాడటం కుదరదని నా అభిప్రాయం. ఇళ్ల సంగతీ అంతే. ఎవరూ కొనని ఇళ్ల ధరలు అమాంతం పెరిగాయి, చాలావరకు టూరిస్టుల అద్దెకు పోయాయి. కాఫీ షాపులో, సైకిల్ షాపులో పనిచేసే కుర్రవాళ్లకు అద్దె ఇల్లు దొరకడం కష్టమైపోయింది. ఊరు బతికింది, నిజమే. అందులో ఎవరు ఉండగలరన్న ప్రశ్న ఇంకా తేలలేదు. అందుకే మనం వెళ్లినప్పుడు తిండీ రిపేర్లూ ఆ ఊళ్లోనే చేయించుకుందాం. బాటల నిర్వహణకు చందా తీసుకుంటారు, మనసారా ఇద్దాం.

ఇక ప్రయాణం. జీలాంగ్‌లో కారుతో సహా ఓడ ఎక్కితే డెవన్‌పోర్ట్‌లో దిగుతాం. దారిలో తినడానికని పళ్లు, ఇంటి కరివేపాకు సర్దుకోకండి, తాజా పళ్లూ మొక్కలూ ఆ దీవికి రానివ్వరు. సైకిళ్లు, బూట్లు ఇక్కడే శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. టైరుకు అంటిన మట్టిలో వేరుకుళ్లు తెగులు ప్రయాణం చేస్తుంది, అక్కడి చెట్లకు అది ప్రాణాంతకం. కొత్తవాళ్లు ఆకుపచ్చ గుర్తున్న బాటలతో మొదలుపెట్టండి, నీలం ఆ తర్వాత. కష్టమైన బాటలకుండే నల్ల డైమండ్ గుర్తు కనిపిస్తే, నడిచి చూసి వచ్చాకే తొక్కండి. అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, కాబట్టి ఒంటరిగా ఎవరూ వెళ్లొద్దు. పెద్ద వాన పడితే ఆ రోజు సైకిళ్లు పక్కన పెట్టేద్దాం. పాత గని గొయ్యి ఇప్పుడు లేక్ డెర్బీ, దాని మీద తేలే ఆవిరి స్నానాల గది ఒకటి కట్టారు, ముందుగా బుక్ చేసుకుంటే సరిపోతుంది.

మ్యాపు ఆ బల్ల మీద పరిచి ఉంచాను. ఈస్టర్‌కు వచ్చేవాళ్లు ఎవరు ఏ బాట తొక్కగలరో దాని మీద గుర్తుపెట్టండి, పిల్లలున్న కుటుంబాలతో మొదలుపెడదాం.