150 అంకణాల జాగాలో 20 అంకణాల పాత మిద్దె: తిరుపతిలో కొనొచ్చా?

నమస్కారం. ఇవాళ తిరుపతిలో ఒక పాత ఇల్లు చూద్దాం. మా మేనమామ కొందామనుకుంటున్నాడు. "నువ్వొకసారి చూసి చెప్పరా, తర్వాతే అడ్వాన్సు ఇస్తా" అన్నాడు. ఏ వీధో చెప్పను, ఓనరు అడిగిన రేటూ చెప్పను. వీడియో తీసుకోనిచ్చినందుకు ఆయన పెట్టిన షరతు అది. తాతయ్యగుంట గంగమ్మ గుడికి నడిచి వెళ్ళొచ్చు, అంతవరకు చాలు.

ముందు కొలతలు. తూర్పు రోడ్డు. రోడ్డు మీద 60 అడుగులు, లోపలికి 90 అడుగులు. మొత్తం 5,400 చదరపు అడుగులు, అంటే 600 గజాలు, పన్నెండు సెంట్లకు కాస్త పైన. మన తిరుపతి లెక్కలో అంకణం అంటే ఆరడుగులకు ఆరడుగులు, 36 చదరపు అడుగులు. కాబట్టి 150 అంకణాలు. నెల్లూరులో అంకణమంటే 72. అక్కణ్ణించి వచ్చేవాళ్ళు ఇక్కడ అంకణం రేటు విని చవగ్గా ఉందే అని సంబరపడతారు, తర్వాత అసలు సంగతి తెలుస్తుంది.

ఇంత జాగాలో ఇల్లు ఎంతనుకున్నారు? 24 అడుగులకు 30 అడుగులు. ఇరవై అంకణాలు, అంతే. మిగతాదంతా ఖాళీ. ఒక బావి, రెండు కొబ్బరిచెట్లు, ఒక మునగచెట్టు.

బ్రోకరు చెప్పే మాట మీకు తెలిసిందే: "ఇల్లు లెక్కలోకే రాదు సార్, స్థలానికే రేటు. ఇల్లు ఫ్రీ అనుకోండి." నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. ఈ ఇల్లు చూశాక అభిప్రాయం మారింది.

రండి, లోపలికి. ఈ గోడ మందం చూడండి, ఒకటిన్నర ఇటుక. సున్నంతో కట్టిన గోడ. పైకి చూడండి, దీన్నే మద్రాసు టెర్రస్ అంటారు. టేకు దూలాలు, వాటి మీద ఏటవాలుగా నిలబెట్టి పేర్చిన చిన్న ఇటుకలు, పైన సున్నం కాంక్రీటు. ఇనుప చువ్వ ఒక్కటీ ఉండదు. ఇలాంటి కప్పు చూసేటప్పుడు పైనున్న పెచ్చులు చూసి భయపడకండి. దూలం గోడలోకి దూరే చోట చూడండి. కుళ్ళు మొదలయ్యేది అక్కడే, చెద పట్టేదీ అక్కడే. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని ఏడు దూలాలూ పొడిచి చూశాను. ఆరు గట్టిగా ఉన్నాయి. వంటింటి వైపు ఏడోది, ఇదిగో, అరంగుళం లోపలికి దిగిపోయింది. పైన నీళ్ళు నిలిచిన మరక కూడా కనిపిస్తోంది.

నాకు బాధేసింది మాత్రం ఈ గోడ చూస్తే. ఎవరో మధ్యలో బాగు చేద్దామని సున్నం గార చెక్కేసి సిమెంటు పూశారు. సున్నం గారలోంచి చెమ్మ బయటికి ఆరిపోతుంది, సిమెంటు దాన్ని లోపలే బిగబట్టేస్తుంది. అందుకే మోకాలి ఎత్తు వరకు పెయింటు ఉబ్బి రాలిపోతోంది. ఎన్నిసార్లు రంగు వేయించినా దండగే. నేలమీద కడప బండలు మాత్రం అద్దంలా ఉన్నాయి, వాటి జోలికి ఎవరూ పోలేదు. కరెంటు వైరింగు గురించి మాట్లాడను. మొత్తం పీకేయాల్సిందే.

సరే, బయటికి వద్దాం. ఇల్లు ఎలా ఉంది అన్నదానికంటే ఎక్కడ కట్టారు అన్నది ముఖ్యం. జాగా నట్టనడుమ ఇల్లుంటే ఇక అంతే, కూల్చకుండా ఏమీ చేయలేరు. ఇది నైరుతి మూలలో ఉంది. వాస్తు ప్రకారం తూర్పు, ఉత్తరం వదిలి కట్టారు, బావి ఈశాన్యంలో. దానివల్ల ఏమైందంటే, ఇంటి ముందు 57 అడుగుల లోతు ఖాళీగా ఉంది. వెనక ఈ ఇంట్లో ఉంటూనే ముందు కొత్త ఇల్లు కట్టుకోవచ్చు. ఏడాదిపాటు అద్దె కట్టే బాధ లేదు.

ఇంకోటి. జాగాని పొడవునా రెండు భాగాలు చేస్తే చెరి 75 అంకణాలు. ఇల్లు దక్షిణం గోడకు మూడడుగుల దూరంలో ఉంది, వెడల్పు 24. మొత్తం 27. అంటే దక్షిణ భాగంలో మొత్తం పట్టేస్తుంది. మామకు ఇద్దరు కొడుకులు. ఆయన కళ్ళు అక్కడే మెరిశాయి. సబ్ డివిజన్‌కు కార్పొరేషన్ అనుమతి కావాలి మామా, గోడ కట్టేసుకుంటే సరిపోదు అని చెప్పాను.

ఇక టేపు. దస్తావేజులో ముందూ వెనకా 60 అని ఉంది. ముందు 60 ఉంది. వెనక 58 వచ్చింది. ఉత్తరం వైపు పక్కింటి ప్రహరీ మెల్లగా లోపలికి జరిగింది. రెండడుగులే కదా అనకండి. 90 అడుగుల పొడవున ముక్కోణంలో పోయింది 90 చదరపు అడుగులు, అంటే రెండున్నర అంకణాలు. రోడ్డు కాగితంలో 30 అడుగులు, టేపులో 24. ప్లాన్‌కు వెళ్ళినప్పుడు మన వైపు మూడడుగులు వదలమన్నారనుకోండి, ఇంకో ఐదు అంకణాలు. లెక్క సులభంగా ఉండటానికి అంకణం లక్ష అనుకుందాం. ఏడున్నర లక్షలు గాల్లో కలిసిపోయాయి. అదే లెక్కన కోటిన్నర మీద రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, ఫీజులు అన్నీ కలిపి ఏడున్నర శాతం, 11 లక్షల 25 వేలు. పోయిన జాగాకు కూడా డ్యూటీ మనమే కడతాం, అదీ తమాషా.

ఇప్పటిదాకా చెప్పినవి బేరంలో సర్దుకునేవి. ఇప్పుడు చూపించేది అలాంటిది కాదు. ఈ గేటు దగ్గర చూడండి. రోడ్డు పైన, మనం కింద. అడుగున్నర పల్లం. ఏళ్ళ తరబడి రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. తాతయ్యగుంట, కొర్లగుంట, గొల్లవానిగుంట... మన ఊళ్ళో పేర్లే చెబుతాయి, ఎక్కడెక్కడ నీళ్ళు నిలిచేవో.

2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా? కపిలతీర్థం ఉరికి దూకింది, వీధులు వాగులయ్యాయి. ఎం.ఆర్.పల్లి వైపు శ్రీకృష్ణ నగర్‌లో ఒకావిడ లోపల దిగి కడుగుతుండగా సిమెంటు వరల సంపు నేలలోంచి పైకి లేచి నిలబడింది. మాయ ఏమీ కాదు. నేలలో నీళ్ళు పైకొచ్చాయి, సంపు ఖాళీగా ఉంది, పడవలా తేలింది. అందుకే పల్లపు జాగాలో సంపు కట్టినవాళ్ళు వానాకాలంలో దాన్ని ఖాళీ చేయకండి.

ఓనరును అడిగితే "మా ఇంట్లోకి చుక్క నీరు రాలేదు" అన్నాడు. ఎదురింటి అవ్వను అడిగాను. "ఆ ఇంట్లోకి యాడొస్తాయి నాయినా, ఎత్తుగా కట్టినారు. దొడ్డంతా రెండు దినాలు చెరువే. కొబ్బరిచెట్టు మొదలు కనబడలా" అంది. ఇద్దరూ నిజమే చెప్పారు. ఈ ఇంటి అరుగు నేలకు రెండడుగుల ఎత్తున ఉంది. కట్టించిన పెద్దాయనకు ఈ నేల సంగతి తెలుసు.

అసలు చిక్కు ఇక్కడే. ముందు కొత్త ఇల్లు కట్టాలంటే జాగా రెండడుగులైనా మట్టి తోలాలి. ఇల్లు వదిలేసి మిగతాదంతా తోలితే 90 యూనిట్లకు పైనే (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు), తొక్కించాక కుంగేది కాక. అంత తోలితే దొడ్డి ఈ పాత ఇంటి గచ్చుతో సమానమవుతుంది. మొదటి పెద్ద వానకే నీళ్ళు గడప దాటతాయి. ముందు సగమే ఎత్తు చేస్తే వెనక ఇల్లు గుంటలో కూర్చుంటుంది. వెనక ఉంటూ ముందు కట్టుకోవడం, చెరిసగం పంచుకోవడం... మామ వేసుకున్న లెక్కలు రెండూ ఇక్కడే ఆగిపోయాయి.

కాగితాల గురించి రెండు ముక్కలు. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల, తాకట్ల చిట్టా, ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, ఇలాంటి పాత ఆస్తికి అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించాలి. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా, అదే 22ఏ నిషేధిత జాబితా, తప్పకుండా చూడండి. తిరుపతిలో మఠం భూములు, దేవస్థానం భూములు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకిచ్చిన భూములు) ఉన్నాయి, మరిచిపోవద్దు. అమ్మేవాళ్ళ ఇంటి ఆడపిల్లల సంతకాలు కూడా అడగండి.

నా మాట అడిగితే, ఇది కూల్చి కట్టుకునేవాళ్ళ జాగా. ఆ లెక్కన కూడా ఇంటి విలువ సున్నా ఏమీ కాదు, టేకు దూలాలు, ద్వారబంధాలు, కడప బండలు పాత సామాను వాళ్ళకు వేస్తే కూల్చే ఖర్చు పోను కాస్త మిగులుతుంది. రేటు మాత్రం 150 అంకణాలకు కాదు, టేపులో వచ్చిన నూటనలభై ఏడున్నరకు. అందులోంచి మట్టి ఖర్చు తీసేయాలి. ప్లాన్ వచ్చేదాకా ఓ ఏడాది ఆ ఏడో దూలం కింద ఒక ఇనుప స్తంభం నిలబెట్టి ఈ ఇంట్లోనే ఉండొచ్చు, ఇబ్బంది లేదు.

ఇదే మామకు చెప్పాను. ఓనరు ముందు ముఖం మాడ్చుకున్నాడు, తర్వాత సర్వేయరును పిలిపిద్దాం అన్నాడు. గురువారం కొలుస్తారు. పక్కింటాయన కూడా దగ్గరుండి చూస్తానన్నాడు. ఆ రెండడుగులు జరిగిన గోడ ఆయనదే.