ఎంపీ చర్చి హాల్లో కూర్చునే ఊరు: సౌతెండ్ వెస్ట్ కథ

అందరికీ నమస్తే అండి. ఈరోజు లండన్ నుంచి ట్రైన్ ఎక్కితే గంటలోపే వచ్చేసే ఒక సముద్రపు ఒడ్డు నియోజకవర్గం గురించి మాట్లాడదాం, పేరు సౌతెండ్ వెస్ట్. ఇదే ఎందుకంటే, మొన్న మా ఇంట్లో పై గదిలో ఉండే తమ్ముడు, మాస్టర్స్‌కని కొత్తగా వచ్చాడు, నన్నడిగాడు, "అన్నా, ఇక్కడ ఎంపీని కలవాలంటే ఎవరితో చెప్పించాలి?" అని. ఎవరితోనూ చెప్పించక్కర్లేదురా, ఈమెయిల్ పెట్టి టైం తీసుకుని వెళ్ళి కూర్చోవడమే అన్నాను. వాడు నమ్మలేదు. అప్పుడు వాడికి చెప్పిన కథే ఇప్పుడు మీకూ చెప్తున్నా.

ముందు ఊరు చూద్దాం. లండన్ ఫెన్‌చర్చ్ స్ట్రీట్ స్టేషన్లో సీటూసీ అనే సర్వీస్ ట్రైన్ ఎక్కితే పొద్దున్నే ఎదురుగా వచ్చే ట్రైన్లన్నీ ఫుల్లు, ఎందుకంటే లండన్ బ్యాంకుల్లో ఇన్సూరెన్స్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు చాలామంది ఇక్కడే ఇళ్ళు కొనుక్కుని రోజూ వెళ్ళొస్తారు. లీ, చాక్‌వెల్, వెస్ట్‌క్లిఫ్, ఈస్ట్‌వుడ్, బెల్ఫేర్స్, ఇవన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండే ఇళ్ళ కాలనీలు, రిటైరైన వాళ్ళు కూడా ఎక్కువే. సముద్రం అన్నానుగానీ నిజానికి ఇది థేమ్స్ నది సముద్రంలో కలిసే చోటు, ఆటు టైంలో వెళ్తే నీళ్ళు మైలు దూరం వెనక్కి పోయి కంటిచూపు మేర బురదే, పడవలన్నీ పక్కకి ఒరిగి పడుంటాయి. అందుకే పెద్ద పడవలు ఒడ్డుకి రాలేక 1830లో చెక్కతో ఒక వంతెన లాంటిది నీళ్ళలోకి కట్టారు, తర్వాత పొడిగించుకుంటూ పోయారు, 1889లో దాని స్థానంలో ఇనపది వచ్చింది, అదే సౌతెండ్ పియర్. పొడవు 2 కిలోమీటర్ల పైన, ప్రపంచంలో ఇంత పొడుగు ప్లెజర్ పియర్, అంటే జనం షికారుకి వెళ్ళే పియర్, ఇంకోటి లేదు, చివరిదాకా నడవలేని వాళ్ళ కోసం దాని మీదే చిన్న ట్రైన్ నడుస్తుంది.

లీ ఓల్డ్ టౌన్‌కి మాత్రం తప్పకుండా వెళ్ళండి. రైలు పట్టాలకీ నీళ్ళకీ మధ్య ఇరుక్కున్న ఒకే ఒక్క సన్నటి వీధి, పక్కన చెక్క షెడ్లు, అక్కడ కాకిల్స్ అమ్ముతారు, అంటే చిన్న చిన్న ఆల్చిప్పల్లో ఉండే మాంసం అన్నమాట. చిన్న డబ్బాలో వేసి వెనిగర్ పోసి తెల్ల మిరియాల పొడి చల్లి ఒక చెక్క ఫోర్క్ గుచ్చి ఇస్తారు. నోట్లో వేసుకుంటే ముందు పులుపు తగుల్తుంది, తర్వాత ఉప్పు, చివర్లో పంటి కింద ఎక్కడో ఒక ఇసుక రేణువు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్‌లో సైనికులు చిక్కుకుపోయినప్పుడు వాళ్ళని తీసుకురావడానికి ఈ కాకిల్స్ పట్టే పడవలు ఆరు ఇక్కణ్ణుంచి వెళ్ళాయి, తిరిగొచ్చేటప్పుడు రినౌన్ అనే పడవ నీళ్ళలో పెట్టిన మైన్‌కి, అంటే బాంబుకి, తగిలి అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. ఇంత చిన్న వీధి నుంచి వెళ్ళారు వాళ్ళు, అక్కడ నిలబడితే ఆ మాట మనసులోంచి పోదు.

సరే రాజకీయాలకొద్దాం. వారసత్వ రాజకీయాలంటే మన దగ్గరే అనుకుంటాం కదా, ఇది వినండి. గిన్నిస్ బీరు తెలుసు కదా, ఆ కుటుంబానికి చెందిన రూపర్ట్ గిన్నిస్ 1918లో సౌతెండ్ సీటు ఏర్పడగానే ఎంపీ అయ్యాడు. 1927లో వాళ్ళ నాన్న పోవడంతో లార్డ్ బిరుదు ఈయనకొచ్చి పై సభకి వెళ్ళాల్సొచ్చింది, ఆ ఉపఎన్నికలో ఆయన భార్య గ్వెండోలిన్ నిలబడి గెలిచింది. 1935లో ఆమె తప్పుకుంటే అల్లుడు హెన్రీ చానన్ వచ్చాడు, 1950లో సీటు రెండుగా చీలితే ఆయన సౌతెండ్ వెస్ట్ తీసుకున్నాడు, 1958లో ఆయన పోయాక 1959 ఉపఎన్నికలో కొడుకు పాల్ చానన్ గెలిచాడు, అప్పటికి 23 ఏళ్ళు, ఇంకా ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్నాడు. ఆ పాల్ 1997 దాకా ఉన్నాడు. లెక్కేస్తే మొత్తం 79 ఏళ్ళు, భర్త, భార్య, అల్లుడు, మనవడు, ఒక్క గ్యాప్ లేదు. అందరూ కన్జర్వేటివ్ పార్టీ వాళ్ళే.

1997లో పాల్ తప్పుకున్నాక వచ్చినాయన డేవిడ్ అమెస్. అదే పార్టీ, కానీ బ్యాక్‌గ్రౌండ్ పూర్తిగా వేరు, తూర్పు లండన్లో ప్లాస్టో అనే కార్మికుల పేటలో పుట్టాడు, 1983 నుంచి బాసిల్డన్ అనే ఇంకో నియోజకవర్గానికి ఎంపీగా చేసి ఇక్కడికి మారాడు. ఒక్కసారి కూడా మంత్రి కాలేదు. జంతువుల మీద క్రూరత్వం, బిల్డింగుల్లో ఫైర్ సేఫ్టీ, ఇలాంటివే పట్టుకుని పనిచేశాడు, 1988లో గుర్రాల్నీ గాడిదల్నీ హింసించేలా కట్టెయ్యకూడదనే చట్టం ఆయన తెచ్చిన బిల్లే. ఇంకో పట్టుదల, సౌతెండ్‌ని సిటీగా ప్రకటించాలని. ఇక్కడ సిటీ అనేది జనాభాని బట్టి రాదు, రాణో రాజో ఇవ్వాలి. పార్లమెంట్లో ఏ టాపిక్ మీద లేచినా చివరికి ఆ మాట తెచ్చేవాడు, సభలో అందరికీ అలవాటైపోయింది.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడ ఎంపీలు వారం మధ్యలో లండన్లో, శుక్ర శనివారాలు నియోజకవర్గంలో ఉంటారు. అప్పుడు చర్చి హాల్లోనో లైబ్రరీలోనో ఒక టేబుల్ వేసుకుని కూర్చుంటారు, జనం ఒక్కొక్కరే వచ్చి సమస్య చెప్పుకుంటారు. దీన్ని సర్జరీ అంటారు, ఆపరేషన్ కాదు, ఇక్కడ డాక్టర్ క్లినిక్‌ని కూడా సర్జరీ అనే అంటారు, అలా వచ్చింది ఆ పేరు. కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ) ఇచ్చే ఇల్లు, పిల్లల స్కూల్ సీటు, ఆగిపోయిన వీసా ఫైల్, దేనికైనా వెళ్ళొచ్చు. ఎంపీ ఆర్డర్ వెయ్యలేడు, కానీ ఆయన లెటర్ వెళ్తే సంబంధిత ఆఫీసు జవాబు చెప్తుంది.

2021 అక్టోబర్ 15, శుక్రవారం మధ్యాహ్నం. లీలో బెల్ఫేర్స్ మెథడిస్ట్ చర్చిలో డేవిడ్ అమెస్ సర్జరీలో ఉన్నాడు. అందరిలాగే అపాయింట్‌మెంట్ తీసుకుని వచ్చిన ఒకడు కత్తితో పొడిచాడు. ఆయన అక్కడే ప్రాణం విడిచాడు, 69 ఏళ్ళు. వాడికి 2022లో చచ్చేదాకా జైలు శిక్ష పడింది, వాడి పేరు నేను చెప్పదల్చుకోలేదు. ఐదేళ్ళ ముందు, 2016 జూన్‌లో, జో కాక్స్ అనే లేబర్ ఎంపీని కూడా సర్జరీకి వెళ్తుండగానే ఒక లైబ్రరీ బయట చంపేశారు. ఇద్దర్నీ చంపింది జనం కోసం వాళ్ళు తెరిచిపెట్టిన తలుపు దగ్గరే అండి, నాకు ఇది చెప్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మూడ్రోజుల తర్వాత, అక్టోబర్ 18న, రాణి సౌతెండ్‌కి సిటీ హోదా ఒప్పుకున్నారని ప్రధాని బోరిస్ జాన్సన్ సభలో ప్రకటించాడు. 2022 మార్చి 1న అప్పటి ప్రిన్స్ చార్లెస్ స్వయంగా వచ్చి పత్రం అందించాడు. అడిగిన మనిషి లేడు.

ఆ ఖాళీ సీటుకి 2022 ఫిబ్రవరిలో ఉపఎన్నిక జరిగితే గౌరవంగా లేబర్, లిబరల్ డెమొక్రాట్లు పోటీ పెట్టలేదు, చిన్న పార్టీలే నిలబడ్డాయి, కన్జర్వేటివ్ అభ్యర్థి అన్నా ఫర్త్ 86 శాతంతో గెలిచింది, కానీ ఓటేసింది నూటికి 24 మందే. ఆ గౌరవం నాకు అర్థమైంది, హత్యతో ఒక సీటు చేతులు మారకూడదు అనేది మంచి ఆలోచనే. 2024 జూలై జనరల్ ఎలక్షన్‌లో మాత్రం పూర్తి పోటీ, సీటు పేరు సౌతెండ్ వెస్ట్ అండ్ లీ అయింది, లేబర్ నుంచి డేవిడ్ బర్టన్ శాంప్సన్ రెండు వేల లోపు మెజారిటీతో గెలిచాడు. గిన్నిస్ కుటుంబం రోజుల నుంచి కన్జర్వేటివ్‌ల కోటగా ఉన్న చోట లేబర్ గెలవడం అదే మొదటిసారి.

ఇప్పుడు చాలామంది ఎంపీలు అపాయింట్‌మెంట్ ఖాయమయ్యాకే అడ్రస్ చెప్తున్నారు, సెక్యూరిటీ పెరిగింది, పెరగాల్సిందే. కానీ సర్జరీలు మాత్రం ఆగలేదు, నాకు ఈ దేశంలో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే.

మన తెలుగువాళ్ళలో చాలామందికి తెలియనిది ఇంకోటి. యూకేలో స్టూడెంట్ వీసా మీదున్నా వర్క్ వీసా మీదున్నా, 18 నిండిన ఇండియన్ సిటిజన్‌కి ఇక్కడి పార్లమెంట్ ఎన్నికల్లో ఓటుంది, కామన్‌వెల్త్ దేశం కాబట్టి. పేరు నమోదు చేసుకోవాలి, పోలింగ్ రోజు మన ఇండియన్ పాస్‌పోర్ట్ ఐడీగా చూపిస్తే సరిపోతుంది. ఓటు లేకపోయినా ఆ ఏరియాలో ఉంటున్నారంటే ఎంపీ దగ్గరికి వెళ్ళొచ్చు.

తమ్ముడు నిన్న రాత్రి అన్నం తిన్నాక గవర్నమెంట్ వెబ్‌సైట్ ఓపెన్ చేసి కూర్చున్నాడు. నేషనాలిటీ దగ్గర ఇండియా అని కొట్టి, ఇది ఒప్పుకోదులే అనుకుని నావైపు చూశాడు. పేజీ ముందుకే వెళ్ళింది. వాడు మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసుకున్నాడు, ఇండియా అనే ఉంది.