ఇంటి నుంచి రోగి పర్యవేక్షణ: హెచ్చరికలు పెట్టుకోవడం ఎలా?

తమ్ముడు: శ్రోతలందరికీ నమస్కారం. ఇంట్లో ఉన్న రోగి రక్తపోటు, బరువు, ఆక్సిజన్ అంకెలు ఎప్పటికప్పుడు వైద్యుడికి చేరడానికి ఏ పరికరాలు కొనాలి, హెచ్చరికలు ఎలా పెట్టుకోవాలి అన్నది ఈ వారం విషయం. పరికరాలతో మొదలుపెట్టు అక్కా.

అక్క: రక్తపోటుకు మణికట్టుది కాకుండా దండచేతికి చుట్టేది కొనండి, కొలత దానంతట అదే ఫోనులోకి చేరేలా చూసుకోండి. పరికరాల సంగతి అంతే. రాత్రి రెండింటికి హెచ్చరిక వస్తే ఫోను ఎత్తేది ఎవరు?

తమ్ముడు: ఆ ప్రశ్న వస్తుందని శ్రోతలకు తెలుసు. ముందు హద్దులు తేల్చు. ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే మోగాలని అందరికీ ఒకటే పెడితే సరిపోదా?

అక్క: సరిపోదు. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉండి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ముప్పు ఉన్నవారికి వైద్యులు 88 నుంచి 92 శాతాన్నే లక్ష్యంగా పెట్టుకుంటారు. బ్రిటన్‌లో 2017లో వచ్చిన, రోగి పరిస్థితి ఎంత విషమిస్తోందో అంకెల్లో చెప్పే న్యూస్2 స్కోరులో అలాంటివారి కోసమే ఆక్సిజన్‌కు రెండో కొలమానం చేర్చారు. నీ హద్దు పెడితే వాళ్ళ ఫోను రోజంతా మోగుతుంది, విసిగిపోయిన ఇంట్లోవాళ్ళు శబ్దం తీసేస్తారు, ఆ తర్వాత నిజంగా 84కు పడిపోయినా చూసే దిక్కుండదు.

తమ్ముడు: నిజమే. కానీ హద్దు దించితే మిగతావారి ప్రమాదం ఆలస్యంగా తెలుస్తుంది. దానికి నేను ఒప్పుకోను.

అక్క: అందరికీ దించమన్నానా? ఎవరి హద్దు వారికి వారి వైద్యుడి చేత రాయించమంటున్నాను. ఆసుపత్రుల్లో మోగే అలారాలలో 85 నుంచి 99 శాతం వాటికి చికిత్సపరంగా చేయవలసిందేమీ ఉండదని అమెరికాలో ఆసుపత్రుల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లోనే హెచ్చరించింది. నర్సులే అలిసిపోతుంటే ఇంట్లోవాళ్ళ మాటేమిటి? వేళ్ళు చల్లబడినా, గోళ్ళరంగు ఉన్నా, చెయ్యి కదిలినా వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరులో అంకె తప్పుతుంది కనుక, వేలు వెచ్చచేసుకుని, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని మళ్ళీ చూసినప్పుడు కూడా తక్కువే ఉంటే కబురు వెళ్ళాలి. మనిషి ఆయాసపడుతుంటే మాత్రం అంకె కోసం ఆగకుండా 108కి ఫోను చేయాలి.

తమ్ముడు: గుండె వైఫల్యం ఉన్నవారి బరువు?

అక్క: అక్కడ పెరుగుదల చూడాలి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందేమోనని వైద్యుడికి చెప్పాలి.

తమ్ముడు: అసలు కొలతే రాకపోతే? బ్యాటరీ అయిపోయిందో, మనిషి మంచం మీంచి లేవలేకపోయిందో అంకె లేనప్పుడు తెలియదు కదా.

అక్క: మంచి మాట అన్నావు, నాకు ఇందాకే తట్టవలసింది. రోజూ చూసుకునే వేళ దాటినా కొలత రాకపోతే, దానికీ ఒక హెచ్చరిక ఉండాలి.

తమ్ముడు: మన నాన్నగారి కోసం పెట్టుకున్న హెచ్చరికల పట్టికలో ఇప్పుడే చేరుస్తున్నాను. హద్దులు డాక్టరుగారు రాసినవే.

అక్క: హెచ్చరిక వెళ్ళే మొదటి నంబరు నీది. నువ్వు ఊళ్ళో లేని రాత్రి?

తమ్ముడు: కింది వాటా వాళ్ళను అడగాలి.

అక్క: ఇంకా అడగలేదా?

తమ్ముడు: ఈ సాయంత్రం వెళ్తాను.

అక్క: రికార్డింగు ఆపి ఇప్పుడే వెళ్ళు.