నాలుగో గడి
(ఏరువాక పున్నమి నాడు మా ఊరి గ్రంథాలయం ఆవరణలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, గ్రంథాలయ కమిటీ పెద్దలకు, రైతు సోదరులకు, అరుగుల మీద కూర్చున్న అక్కచెల్లెళ్లకు, బడి నుంచి ఎండలో వరుసగా నడిచి వచ్చిన పిల్లలకు నమస్కారం. ఇప్పుడు నన్ను పరిచయం చేసిన మాస్టారు చెప్పిన వాటిలో సగం అభిమానం కొద్దీ చెప్పినవే. ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం బోధించానన్న మాట మాత్రం నిజం.

నాకు ఇచ్చిన అంశం ప్రధాన పంటలకు కావలసిన శీతోష్ణస్థితి, నేలలు. నిద్రలో లేపి అడిగినా ఒప్పజెప్పగలను. నల్లబల్ల మీద పట్టిక గీసి మూడు గడులు పెట్టేవాడిని: ఉష్ణోగ్రత, వర్షపాతం, నేల. వరికి 20 నుంచి 35 డిగ్రీల వేడి, 100 సెంటీమీటర్లకు పైగా వాన, నీరు నిలిచే బంకమట్టి. పత్తికి నల్లరేగడి, కాయ పగిలే వేళ పొడి వాతావరణం. చెరకుకు పెరిగేటప్పుడు వేడీ తేమా, పండేటప్పుడు చలి. పిల్లలు గీతలు కొట్టుకుని రాసుకునేవారు, పరీక్షలో మార్కులు పడేవి. ఆ పట్టిక మీద ఫిర్యాదు చేయడానికే ఈ వేళ వచ్చాను. కమిటీ వారు క్షమించాలి.

ముందు పట్టికలోని నిజం చెప్పుకుందాం. పిల్లలూ, ఇంటికి వెళ్లాక చేలో మట్టి పిడికెడు తీసి, తడిపి, సన్నగా తాడులా పేని, వేలికి ఉంగరం చుట్టండి. పగుళ్లు రాకుండా ఉంగరం నిలిచిందంటే అది బంకమట్టి. ఇసుక పాలు ఎక్కువైతే తాడు దగ్గరే తెగిపోతుంది. మన మట్టి ఉంగరమవుతుంది. అందుకే నీళ్లు పెట్టి బురదగా దున్ని దమ్ము చేస్తే అడుగున గట్టి పొర కట్టి నీరు కిందికి ఇంకకుండా నిలుస్తుంది. ఆ నీటిలో వరి ఎలా బతుకుతుంది? ఆకు పీల్చిన గాలిని కాడ లోపలి సన్నని గొట్టాల గుండా వేళ్లకు పంపుకుంటుంది. కందికీ మినుముకూ ఆ సదుపాయం లేదు. వానకాలపు సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలో మినుము చల్లుతామే, అది మిగులు తేమతోనూ మంచుతోనూ పండిపోతుంది. నీళ్లు నిలిచాయా, మూడో రోజుకే ఆకు పసుపుబారుతుంది.

ఉష్ణోగ్రత గడి కూడా అబద్ధం కాదు. వరి పూసే రోజుల్లో ఉదయం పది గంటల వేళ చేలోకి దిగి చూడండి. కంకి మీద పొట్టు రెండుగా విడి, సన్నని తీగలకు లేత పసుపు తిత్తులు వేలాడుతుంటాయి. గింజ నోరు తెరిచి ఉండేది సుమారు గంట. ఆ గంటలో 35 డిగ్రీలు దాటిన ఎండ కాసినా, జోరు వాన కురిసినా తాలు గింజే. రెండో పంట దాళ్వా ఆలస్యమైతే మన పూత మార్చి చివరి ఎండలకు చిక్కుతుందని పెద్దలు తొందరపడేది అందుకే.

ఇక కొబ్బరి. పుస్తకం ప్రకారం దానికి ఏడాది పొడవునా పంచుకుని కురిసే వాన కావాలి, 150 సెంటీమీటర్లకు తక్కువ కాకూడదు. మన గోదావరి డెల్టాలో పడేది సుమారు 110. అందులోనూ ఎక్కువ పాలు నాలుగు నెలల్లోనే. మరి కోనసీమ పచ్చగా ఎందుకుంది? కాలువ వల్ల, ఇసుక నేల కింద చేతికి అందే ఊట వల్ల. పట్టికలో కాలువకు గడి లేదు. గోదావరి నడుమ లంకలకూ లేదు. వరద తీసిన తరువాత మిగిలే కొత్త ఒండ్రులో లంక పొగాకు పండిస్తారు. ఆ ఒండ్రు ఇంకో వరదకు ఇంకో చోట ఉంటుంది, ఏ గడిలో రాస్తాం?

కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా పూర్తిచేశాడు. అంతకు ముందు ఇదే మట్టి, ఇదే ఎండ, ఇదే వాన. అయినా కరువు. దొర విగ్రహానికి దండ వేస్తాం, నేనూ వేశాను. కాని నీళ్లు తెచ్చిన వాడికి దండ వేసినంత శ్రద్ధగా నీళ్లు తీసే వాడిని తలుచుకోము. అసలు విషయానికి వస్తున్నాను.

2012 అక్టోబరు 31న నీలం తుపాను తీరం దాటింది తమిళనాడులో. వాన కుమ్మరించింది మన మీద. అప్పుడు నాకు రెండెకరాల స్వర్ణ రకం వరి, మన మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 7029. కంకి పాలు పోసుకుని గింజ గట్టిపడుతోంది. మూడు గడులూ నిండుగా ఉన్నాయి. నాలుగో రోజు ఉదయం గట్టు ఎక్కి చూస్తే చేను లేదు, నీళ్ల మీద కంకుల కొసలు మాత్రం ఉన్నాయి. ఎగువన మా పెదనాన్న కొడుకు చేను. అదే వాన, అదే మట్టి, ఒకే బస్తాలోంచి పంచుకున్న విత్తనం. అతని చేలో నీరు రెండో రోజుకు దిగిపోయింది. నా చేలో తొమ్మిది రోజులు నిలిచింది. తేడా ఒకటే, అతని చేను పక్క బోదె కలిసే మురుగు కాలువ, అంటే పొలాల్లో మిగిలిన నీటిని సముద్రానికి తీసుకుపోయేది, పారుతోంది. నాది కలిసే కాలువ మీద గుర్రపు డెక్క ఎంత దట్టంగా ఉందంటే, ఒక కొంగ దాని మీద నడుచుకుంటూ వెళ్లింది. నేను చూశాను. తడవకుండా వెళ్లింది.

అర్జీ పట్టుకుని తిరిగాను. ఎక్కడ తిరిగానో పేరు చెప్పను, ఈ సభలో ఉన్న వారికి నొప్పి కలుగుతుంది. ఒక చోట కాలువ తమది కాదన్నారు. రెండో చోట తమదేనన్నారు, నిధులు తమవి కావన్నారు. మూడో చోట కుర్చీ వేసి టీ ఇచ్చారు, అది బాగుంది. డెల్టా రైతు దగ్గర డ్రైనేజీ సెస్సు వసూలు చేయడానికి 1968లోనే చట్టం వచ్చిందని పెద్దలకు తెలుసు. మా నాన్న కట్టిన రసీదులు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉన్నాయి. రసీదులు శుభ్రంగా ఉన్నాయి, కాలువే లేదు.

ఇందులో మన తప్పూ ఉంది, సోదరులారా. నవ్వకండి. కాలువ గట్టు రెండడుగులు మన చేలో కలుపుకున్నదెవరు? కల్యాణ మండపం విస్తళ్లు అందులో పారేసిందెవరు? రొయ్యల చెరువు ఉప్పునీరు రాత్రిపూట అందులోకి వదిలిందెవరు? ఉప్పు చేరిన నేల వేసవిలో తెల్లటి పెచ్చు కడుతుంది, అది పాలచౌడు. మంచినీరు పెట్టి కడిగేస్తే పోతుంది. కడిగిన నీరు ఎటు పోవాలి? మళ్లీ మురుగు కాలువలోకే. క్షారం చేరిన కారుచౌడుకు జిప్సం వేయమంటారు. మంచిదే, కాని జిప్సం విడదీసిన ఉప్పూ నీటితోనే బయటికి పోవాలి. ఎటు తిరిగినా అక్కడికే వస్తున్నాను, ఏం చేయను?

పైగా మన నేలకు వాలు చాలా తక్కువ. సముద్రం పోటు మీద ఉంటే మురుగును లోపలికి రానివ్వదు, ఆటు వచ్చేదాకా నీరు నిలబడాల్సిందే. ఆ కొద్ది గంటల్లో దిగాల్సిన నీటికి దారిలో పూడికా, డెక్కా అడ్డం. కోనసీమ వారు 2011లో సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు ధర గిట్టలేదన్న మాట అందరికీ వినిపించింది. మురుగు మాట పత్రికల్లో లోపలి పేజీలకు పోయింది.

అధ్యక్షుల వారు చీటీ పంపారు. రెండు నిమిషాలట. పిల్లలూ, మీ పుస్తకంలో ఆ పట్టిక ఇప్పటికీ ఉంటుంది. నేల గడి పక్కన పెన్సిలుతో ఇంకో గీత గీసుకోండి. పైన 'మురుగు' అని రాయండి. వరికి ఎదురుగా ఏం రాయాలో మీ టీచరు చెప్పరు, పరీక్షలో అడగరు. వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు నేను పడమటి వంతెన దగ్గర ఉంటాను. రెండు పొడవాటి వెదురు గడలు, నాలుగు కొడవళ్లు తెస్తున్నాను. పెద్దవాళ్లు నీళ్లలోకి దిగుతారు, చిన్నవాళ్లు గట్టు మీద నిలబడి లాగిన డెక్క పోగు వేస్తే చాలు. జలగలు ఉంటాయి, ఎవరైనా కాస్త ఉప్పు తెండి.